కెనడా ఒంటారియోలో 309ఏ (ఎలక్ట్రీషియన్) లైసెన్స్: మన ఐటీఐ, గల్ఫ్ అనుభవం లెక్కకొస్తదా?

జగిత్యాల_కరెంటు
నాది ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఎన్‌సీవీటీ సర్టిఫికెట్ ఉన్నది. కరీంనగర్‌ల ఒక కాంట్రాక్టర్ దగ్గర మూడేండ్లు చేసిన, ఆ తర్వాత ఖతార్‌ల ఏడేండ్లు. ప్యానెల్ బోర్డులు, కేబుల్ ట్రేలు, పెద్ద ఏసీ చిల్లర్ల వైరింగ్, చెయ్యని పని లేదు. నా భార్య ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నది, నాకు ఓపెన్ వర్క్ పర్మిట్ వచ్చింది. ఉండేది బ్రాంప్టన్‌ల. వచ్చినకాన్నుంచి వేర్‌హౌస్‌ల డబ్బాలు మోసుడే. ఎలక్ట్రీషియన్ పనికి ఏడ అడిగినా "లైసెన్స్ ఉందా" అనుడే మొదటి మాట. మనోడే ఒకాయన, క్యాష్ ఇస్త, లైసెన్స్ గిట్ల ఏం వద్దు, బేస్‌మెంట్లల్ల వైరింగ్ చేద్దువు రా అంటున్నడు. ఇంకో కన్సల్టెంట్ ఏమో ఎక్స్‌పీరియన్స్ లెటర్లు నేనే తయారుజేస్త, నువ్వు పైసలు కట్టు చాలంటున్నడు. అసలు 309ఏ పరీక్ష సీదా రాయొచ్చునా, లేకపోతే పద్దెనిమిదేండ్ల పోరగాళ్లతోటి మళ్ల అప్రెంటిస్‌ల కూసోవాల్నా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

బ్రాంప్టన్_బుజ్జి
ముందు ఆ క్యాష్ ఆయనకి దూరం నుంచే దండం పెట్టెయ్ అన్నా. ఇక్కడ ఎలక్ట్రీషియన్ అంటే కంపల్సరీ ట్రేడ్. చేతిలో సర్టిఫికెట్ ఆఫ్ క్వాలిఫికేషన్ (అదే లైసెన్స్) అయినా ఉండాలి, రిజిస్టర్ అయిన అప్రెంటిస్ అయినా అయ్యుండాలి. రెండూ లేకుండా వైరు పట్టుకుంటే నీకూ జరిమానా, పెట్టుకున్నవాడికీ జరిమానా.

గోదారి_గట్టు
బేస్‌మెంట్ క్యాష్ కాంట్రాక్టరు లేని ఊరు లేదండీ. పని ఉన్నన్నాళ్లు "తమ్ముడూ తమ్ముడూ", ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఫోన్ స్విచాఫ్.

మిస్సిసాగా_సుబ్బు
సీదా రాయొచ్చు. కాకపోతే మధ్యలో ఒక గడప ఉంది, దాని పేరు ట్రేడ్ ఈక్వివలెన్సీ అసెస్‌మెంట్. చూసేది స్కిల్డ్ ట్రేడ్స్ ఒంటారియో అనే సంస్థ. 2022 జనవరి నుంచి వీళ్లే. యూట్యూబ్‌లో పాత వీడియోల్లో ఒంటారియో కాలేజ్ ఆఫ్ ట్రేడ్స్ అని చెబుతారు, అది ఇప్పుడు లేదు. ఫీజు నేను కట్టినప్పుడు 235 డాలర్లు, పైన హెచ్‌ఎస్‌టీ (అమ్మకం పన్ను). వాళ్లు చూసేవి రెండే. ఒకటి, ఇక్కడి అప్రెంటిస్ ఎన్ని గంటలు చేస్తాడో నువ్వూ అన్ని గంటలు చేశావా. 309ఏకి అది 9,000 గంటలు, అందులో 720 క్లాసురూము, మిగతా 8,280 సైటు. రెండోది, ఆ గంటల్లో ఈ ట్రేడ్‌లోని పనులన్నీ చేశావా, లేక పదేళ్లూ ట్యూబ్‌లైట్లే బిగించావా.

నీ అదృష్టం ఏంటంటే గల్ఫ్ గంటలు. రోజుకి పది, వారానికి ఆరు రోజులు వేసుకున్నా ఏడాదికి దాదాపు మూడు వేలు. నాలుగేళ్ల ఖతార్ పని సరిగ్గా కాగితం మీదకి వస్తే కరీంనగర్ ఊసే ఎత్తక్కర్లేదు. ఆ "సరిగ్గా కాగితం మీదకి" అన్నదే కష్టం. ఐటీఐ సర్టిఫికెట్ కూడా జతచెయ్, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకు. వెస్ రిపోర్టు (మన చదువు కెనడాలో దేనికి సమానమో చెప్పేది) దీనికి అక్కర్లేదు, అది ఇమిగ్రేషన్ పాయింట్ల కోసం. చాలామంది డబ్బులు ముందు అక్కడ తగలేస్తారు.

జగిత్యాల_కరెంటు
గదే మరి కష్టం అన్నా. ఖతార్‌ల నేను చేసిన కంపెనీ మూతపడ్డది. కరీంనగర్ ఆయన ఏనాడు కాగితం ఇచ్చినోడు గాదు, శనివారం జీతం చేతుల పెట్టేటోడు, అంతే.

రాత్రి_షిఫ్ట్
సేమ్ కేస్ నాది, సౌదీ. కంపెనీ ఎత్తేశారు. నా పైన పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లని పట్టుకున్నా, ఒకాయన కొచ్చిలో ఉన్నాడు, ఇంకొకాయన మళ్లీ గల్ఫ్‌లోనే వేరే కంపెనీలో. ఇద్దరూ సంతకం పెట్టి, ఫోన్ నంబర్, ఈమెయిల్ ఇచ్చి, "ఫలానా సైట్లో ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా నా కింద పనిచేశాడు" అని రాసిచ్చారు. వాటికి తోడు ఇఖామా (సౌదీ రెసిడెన్స్ పర్మిట్) కాపీలు, ఆఫర్ లెటరు, బ్యాంకులో జీతం పడ్డ స్టేట్‌మెంట్లు, ఓవర్‌టైమ్ స్లిప్పులు. సైట్ గేట్ పాసులు కూడా ఒక బిస్కెట్ డబ్బాలో పడేసి ఉంచా. ఆ చెత్తంతా ఎందుకని ఇంట్లో తిట్లు తిన్నా కానీ ఏ ప్రాజెక్టులో ఏ తేదీల్లో ఉన్నానో చూపించడానికి అవే అక్కరకొచ్చాయి. వాళ్లు మధ్యలో ఇంకో రెండు వివరాలు అడిగారు, పంపా, ఒప్పుకున్నారు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, కానీ కంపెనీ మూతపడింది కదా అని చేతులెత్తేయకు.

కరీంనగర్ ఆయన ఇంకా పనిలో ఉన్నాడా? కాంట్రాక్టర్ లైసెన్స్ ఉన్నవాడైతే లెటర్‌హెడ్ ఉంటుంది. ఊరెళ్లినప్పుడు ఒక బిర్యానీ ఖర్చు.

మిస్సిసాగా_సుబ్బు
లెటర్ గురించి ఇంకో మాట. మనవాళ్లు ఇచ్చే లెటర్ ఎలా ఉంటుందంటే, "ఈయన మా సంస్థలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారు, మంచి నడవడిక గలవారు, భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాము". నడవడిక ఎవడిక్కావాలి ఇక్కడ. ఉండాల్సింది ఇది: ఉద్యోగం పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని గంటలు, ఆ తర్వాత పనుల జాబితా. ఆ పనుల కోసం 309ఏ అప్రెంటిస్ లాగ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతుంది, దింపుకుని ముందు పెట్టుకో. అందులో సర్వీస్ ఎంట్రన్స్, గ్రౌండింగ్, బాండింగ్, మోటార్ కంట్రోల్, ఫైర్ అలారం, ట్రాన్స్‌ఫార్మర్లు అని విడివిడిగా ఉంటాయి. నువ్వు నిజంగా చేసినవి మాత్రమే, వాళ్ల భాషలో రాయించు. "ఎల్‌టీ ప్యానెల్ పనులు" అని ఊరుకోకు. ఎన్ని ఆంప్స్ ప్యానెల్, కేబుల్ లాగావా, గ్లాండ్ వేశావా, టెర్మినేషన్ చేశావా, మెగ్గర్ పెట్టావా, అన్నీ రావాలి.

ఓల్డ్_సిటీ_ఓమ్
లెటర్ అరబీలో ఉంటే సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ కూడా చేయించు భాయ్. నాది అందుకే ఆగింది కొన్నాళ్లు.

ఈఈఈ_2016
నాదీ ఇలాంటిదే డౌటు. బీటెక్ ఈఈఈ, హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో సబ్‌స్టేషన్ డిజైన్ నాలుగేళ్లు. డైరెక్ట్‌గా 309ఏ ఇస్తారా?

బ్రాంప్టన్_బుజ్జి
ఆటోక్యాడ్‌లో గీసిన కేబుల్‌కి గంటలు ఇవ్వరు బాబూ. చేత్తో లాగిన దానికే.

మిస్సిసాగా_సుబ్బు
బుజ్జి ఎగతాళిగా అన్నా నిజమే. మీ దారి పీ.ఇంజ్., అంటే ఇంజనీర్ లైసెన్స్, దానికి ప్రొఫెషనల్ ఇంజనీర్స్ ఒంటారియో. 2023లో వాళ్లు కెనడా అనుభవం తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు, కాబట్టి అది చూసుకోండి. లేదూ చేతిపనే కావాలంటే అప్రెంటిస్‌గా మొదలుపెట్టండి, మీ థియరీకి క్లాసురూము భాగం నల్లేరు మీద నడక.

ఈఈఈ_2016
ఇంట్లో తెలిస్తే "ఇంజనీరింగ్ చదివించింది వైరింగ్ చెయ్యడానికా" అంటారు 😅

గోదారి_గట్టు
పెళ్లి సంబంధాల వాళ్లకి "పవర్ సెక్టార్" అని చెప్పండి.

కోడ్‌బుక్_కోటి
అసెస్‌మెంట్ అయ్యాక పరీక్ష సంగతి నేను చెప్తా, ఎందుకంటే అసలు దెబ్బ తినేది అక్కడే. ఫీజు 150 ప్లస్ హెచ్‌ఎస్‌టీ. నాలుగు గంటలు, అన్నీ మల్టిపుల్ చాయిస్, 70 శాతం రావాలి. తప్పితే మళ్లీ ఫీజు కట్టాలి. కోడ్‌బుక్ (వైరింగ్ నిబంధనల పుస్తకం) హాల్లోనే ఇస్తారు కాబట్టి బట్టీ పట్టక్కర్లేదు అనుకుంటారు. ఆ ధీమాతో వెళ్లినవాళ్లే పోతారు. ఆ పుస్తకంలో ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి, లేకపోతే ఒక్క ప్రశ్నకే పావుగంట పేజీలు తిప్పుతూ కూర్చుంటావు.

ఒక ఉదాహరణ. గోడలో ప్లగ్ బాక్స్. రెండు 14/2 కేబుళ్లు (14 నంబర్ వైర్లు రెండేసి, బేర్ గ్రౌండ్ ఒకటి) వచ్చాయి, ఒక రిసెప్టకిల్ (ప్లగ్ సాకెట్) పెట్టాలి, నలుపు ఒక మారెట్‌లో (వైర్లు కలిపే టోపీ), తెలుపు ఒక మారెట్‌లో కలిపావు. ఈ బాక్సు ఎంత పెద్దది ఉండాలి? మన ఊళ్లో అయితే పట్టేదాకా కుక్కి స్క్రూ బిగిస్తాం. ఇక్కడ లెక్క ఉంది. ఇన్సులేషన్ ఉన్న వైర్లు నాలుగు. బేర్ గ్రౌండ్, అంటే తొడుగు లేని ఎర్తు వైరు, లెక్కకి రాదు. మారెట్లు జతకి ఒక వైరు కింద లెక్క, అంటే ఐదు. రిసెప్టకిల్‌కి రెండు వైర్లు, అంటే ఏడు. ఒక్కో 14 నంబర్ వైరుకి 1.5 క్యూబిక్ అంగుళాలు, మొత్తం 10.5. రెండంగుళాల లోతు మామూలు బాక్సు 10 క్యూబిక్ అంగుళాలే, పట్టదు. రెండున్నర అంగుళాల లోతుది 12.5, అది వెయ్యాలి. పదేళ్ల అనుభవం ఉన్నా ఈ లెక్క చేతికి రాదు, పుస్తకంలో సెక్షన్ 12 కి వెళ్లాల్సిందే.

అలాగే గది గోడ పొడవునా ఏ చోటి నుంచి చూసినా ప్లగ్ 1.8 మీటర్లకి మించి దూరంలో ఉండకూడదు. వంటగది కౌంటర్ దగ్గర 900 మిల్లీమీటర్లు. వోల్టేజ్ డ్రాప్ బ్రాంచ్‌లో 3 శాతం, మొత్తం మీద 5. మన దగ్గర ప్లగ్ ఎక్కడ పెట్టాలో ఇంటాయన గోడ మీద సుద్దముక్కతో గుండ్రం చుట్టి చూపిస్తాడు, అదే కోడు.

ఓల్డ్_సిటీ_ఓమ్
ఇంటాయన కాదు భాయ్, ఇంటామె. గుండ్రం చెరిపి మళ్లీ చుట్టేది ఆమే.

చలి_పులి
అందరూ అసెస్‌మెంట్ అసెస్‌మెంట్ అంటున్నారు గానీ నేను ఒప్పుకోను. కాగితాలు చూపించి, పరీక్ష పాసై, లైసెన్స్ జేబులో పెట్టుకుని సైటుకి వచ్చినోళ్లని చూసినా. ఫోర్‌మన్ లూమెక్స్ (ఇళ్లలో వాడే కేబుల్) చుట్ట చేతికిచ్చి "ఈ ఫ్లోర్ రఫ్-ఇన్ (గోడలు మూసేముందు వైరింగ్) అయిపోవాలి సాయంత్రానికి" అంటే దిక్కులు చూస్తారు. మనం పుట్టి బుద్ధెరిగినాక చేసిందల్లా ఇటుక గోడకి గాడి కొట్టి పీవీసీ పైపు పెట్టడం. ఇక్కడ అంతా చెక్క స్టడ్‌లు, వాటికి రంధ్రం ఎంత ఎడంగా వెయ్యాలి, ఎక్కడ ప్లేటు కొట్టాలి, డ్రైవాల్ వచ్చేలోపు ఇన్‌స్పెక్షన్ ఎట్లా అవుతుంది, ఇవన్నీ పుస్తకంలో చదివితే రావు. ఈఎమ్‌టీ (పల్చటి స్టీలు) పైపు బెండ్ చెయ్యడం మన చేతికి అలవాటే లేదు. జర్నీపర్సన్ (లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్) జీతం ఇచ్చి అప్రెంటిస్ పని నేర్పించే ఓనరు ఎవరూ ఉండరు, నెలలోపే ఇంటికి పంపిస్తారు. రెండేళ్లు అప్రెంటిస్‌గా చెయ్, పరువు పోదు.

రాత్రి_షిఫ్ట్
పరువు సంగతి కాదు పులీ, అద్దె సంగతి. అప్రెంటిస్‌కి మొదట్లో జర్నీపర్సన్ జీతంలో సగం కూడా రాదు చాలా చోట్ల. ఈయనకి భార్య ఫీజు కట్టాలి. పదేళ్లు చేసినోడిని పట్టుకుని మొదటి మెట్టు నుంచి ఎక్కమంటే ఎలా?

చలి_పులి
వేర్‌హౌస్ జీతం కంటే తక్కువేం కాదు కదా.

కోడ్‌బుక్_కోటి
పులి చెప్పిన దాంట్లో సగం నిజం. గల్ఫ్‌లో కమర్షియల్ చేసినవాళ్లకి ఇళ్ల పని రాదు, అది ఒప్పుకుంటా. కానీ జగిత్యాల తమ్ముడు కేబుల్ ట్రే, చిల్లర్లు చేశాడు. హాస్పిటళ్లు, డేటా సెంటర్లు, టవర్లు కట్టే కంపెనీలకి కావాల్సింది అదే. చెక్క ఇళ్ల సైటుకి ఎందుకు వెళ్తాడు?

మిస్సిసాగా_సుబ్బు
రెండూ కలిపి చేసే దారి ఉంది కదా, అందరూ కొట్టుకుంటున్నారెందుకు. స్పాన్సర్ చేసే ఓనర్ దొరికితే అప్రెంటిస్‌గా రిజిస్టర్ అవ్వు. పాత అనుభవానికి గంటలు కలపమని అడుగు. చట్టబద్ధంగా పనిలో ఉంటావు, కోడ్ చేతికి వస్తుంది. పక్కన అసెస్‌మెంట్ కాగితాలు నడుస్తుంటాయి. అది ఓకే అయిన రోజు పరీక్ష రాసేయ్. 2018లో నిష్పత్తి ఒక జర్నీపర్సన్‌కి ఒక అప్రెంటిస్ అని మార్చారు కాబట్టి చిన్న కంపెనీలు కూడా తీసుకుంటాయి. టొరంటోలో యూనియన్ కావాలంటే ఐబీఈడబ్ల్యూ లోకల్ 353, అక్కడ పోటీ ఎక్కువ.

ఎవరికి ఫోన్ చేసినా ముందు అడిగేది ఇంకోటి ఉంటుంది, వర్కింగ్ ఎట్ హైట్స్ ట్రైనింగ్. ఎత్తు మీద సేఫ్టీ హార్నెస్ కట్టుకుని పని చేసే కన్‌స్ట్రక్షన్ వాళ్లకి తప్పనిసరి, కార్డు మూడేళ్లు చెల్లుతుంది, ఒక్క రోజు క్లాసు. దాంతోపాటు విమిస్ (ప్రమాదకర పదార్థాల సేఫ్టీ ట్రైనింగ్) కూడా చేసుకుని రెజ్యూమెలో పైనే రాయి.

జగిత్యాల_కరెంటు
హైట్స్ కార్డు సంగతి నాకెవ్వలు చెప్పలే. మస్తు థాంక్స్ సుబ్బన్న. కోటి అన్న చెప్పిన బాక్స్ లెక్క చూస్తె తల తిరిగింది గని, పట్టుకుంట.

బ్రాంప్టన్_బుజ్జి
ఒక్కటి మాత్రం మర్చిపోకు, రంగులు. ఇండియాలో నలుపు న్యూట్రల్. ఇక్కడ నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. మూడు ఫేజులైతే ఎరుపు, నలుపు, నీలం. మనోళ్లకి నీలం కూడా కంగారే, గల్ఫ్‌లో కొత్త పద్ధతిలో నీలం న్యూట్రల్ కదా. నిద్రమత్తులో పాత అలవాటుకి చెయ్యి పోతే అంతే సంగతులు.

రాత్రి_షిఫ్ట్
+1. అందులోనూ తెలుపు ఎప్పుడూ న్యూట్రలే అని నమ్మకు. పాత ఇళ్లలో స్విచ్ లూప్‌లో తెలుపులో కరెంట్ ఉంటుంది. మీటర్ పెట్టకుండా ఏదీ ముట్టుకోవద్దు. మన స్క్రూడ్రైవర్ టెస్టర్ ఇంట్లో జ్ఞాపకంగా పెట్టుకో, సైటుకి తేకు, నవ్వుతారు.

గోదారి_గట్టు
టెస్టర్ లేకుండా వేలి వెనకభాగం ఆనించి చూసే మా ఊరి లైన్‌మన్ని చూస్తే వీళ్లు ఏమైపోతారో.

కోడ్‌బుక్_కోటి
ఇంటి సప్లై కూడా వేరు. ఇక్కడ రెండు హాట్‌ల మధ్య 240, ఒక్కో హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120. పొయ్యికి, డ్రయ్యర్‌కి 240, మిగతా ప్లగ్గులన్నిటికీ 120. న్యూట్రల్ ఊడిందంటే ఒక వైపు వోల్టేజ్ పడిపోయి రెండో వైపు లేస్తుంది, టీవీలు కాలిపోతాయి. కమర్షియల్‌లో 347/600. గల్ఫ్ 415 చూసి వచ్చినవాళ్లకి 600 ప్యానెల్ తెరిచిన మొదటి రోజు చెమటలే. ఫ్రీక్వెన్సీ 60.

మెల్‌బోర్న్_మావయ్య
మా దగ్గర వ్యవహారం వేరు, పనికొస్తుందని రాస్తున్నా. ఆస్ట్రేలియాకి ఎలక్ట్రీషియన్‌గా రావాలంటే ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా గుర్తించిన సంస్థ ముందు ఇండియాలో ఉండగానే అసెస్ చేస్తుంది. కాగితాలు ఒక్కటే కాదు, ప్రాక్టికల్ కూడా. పాసైతే ఓటీఎస్‌ఆర్ అని ఒక రికార్డు ఇస్తారు. అది లైసెన్స్ కాదు. ఇక్కడికి వచ్చాక పైన ఒకరు చూస్తుండగా పనిచేసే లైసెన్స్ తీసుకోవాలి, గ్యాప్ ట్రైనింగ్ చెయ్యాలి, సర్టిఫికెట్ త్రీ అనే ఇక్కడి ట్రేడ్ సర్టిఫికెట్ రావాలి. ఆ పైన విక్టోరియాలో ఏ గ్రేడ్ (పూర్తి లైసెన్స్) కోసం థియరీ, ప్రాక్టికల్, సేఫ్ వర్కింగ్ ప్రాక్టీసెస్ అని మూడు వేరువేరు పరీక్షలు.

ప్రాక్టికల్‌లో వాళ్లు చూసేది టెస్టింగ్. మెయిన్ ఎర్తు 0.5 ఓమ్ దాటకూడదు, ఇన్సులేషన్ 500 వోల్టుల దగ్గర 1 మెగ్ఓమ్‌కి తగ్గకూడదు, ఆ తర్వాత పొలారిటీ, లూప్ ఇంపెడెన్స్, ఆర్‌సీడీ (లీకేజ్ ఉంటే కరెంట్ ఆపేసే స్విచ్). ఏది ముందో ఏది తర్వాతో కూడా చూస్తారు. వైరింగ్ అందంగా చేసి టెస్ట్ వరసలో తడబడి పోయిన మలయాళీ కుర్రాళ్లు, మనవాళ్లు చాలామంది నాకు తెలుసు. ఇంకొకటి, ఇక్కడ ఇంటి ఓనరు కూడా సొంత ఇంట్లో ప్లగ్గు మార్చకూడదు, చట్టవిరుద్ధం. కాబట్టి పనికి కరువు లేదు.

చలి_పులి
ఒంటారియోలో అట్ల కాదు మావయ్యా, సొంత ఇంట్లో ఓనరు ఈఎస్‌ఏ (ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీ) నోటిఫికేషన్ తీసుకుని తనే చేసుకోవచ్చు. అందుకే వీకెండ్ వీరులు చేసిన పని విప్పడానికి మాకు పని.

ఓల్డ్_సిటీ_ఓమ్
అమెరికాలో ఎలా? తమ్ముడు టెక్సాస్ వెళ్తాడట.

డల్లాస్_దోస్త్
అమెరికాకి అంతటికీ ఒకే లైసెన్స్ లేదు, రాష్ట్రానికొకటి. టెక్సాస్‌లో జర్నీమన్‌కి మాస్టర్ ఎలక్ట్రీషియన్ కింద 8,000 గంటలు, దాంతోపాటు పరీక్ష. కానీ ముందు ఏ వీసా మీద వస్తాడో అడుగు. హెచ్1బీ ఈ పనికి రాదు. ఇక్కడ తెలుగు ఎలక్ట్రీషియన్ దొరికితే గుళ్లో సన్మానం చేస్తాం, అంత కరువు.

నిజామాబాద్_నిప్పు
ఎవ్వలు ఆ కన్సల్టెంట్ ముచ్చట ఎత్తుతలేరు. తమ్మీ, లెటర్లు తయారుజేసి ఇస్త అన్నోని దిక్కు పోకు. ఇక్కడ ఫోన్ చేసి, ఈమెయిల్ పెట్టి అడుగుతరు. అసెస్‌మెంట్ పోతే పోయె, అదే దొంగ లెటర్ రేపు పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్స్) ఫైల్‌ల పెట్టి దొరికితే మిస్‌రిప్రజెంటేషన్ అంటరు, ఐదేండ్లు ఈ దేశం మొఖం చూడనియ్యరు. నీతోటి నీ భార్య ఫైల్ గూడ ఆగమైతది. మా దోస్తుగాడు ఒకడు ఇట్లనే ఇంటికి పోయిండు. ఆనికి నిజమైన అనుభవమే ఉండె, ఎన్మిదేండ్లది, లెటర్ తెచ్చుకునే ఓపిక లేక పైసలు పెట్టి కొన్నడు.

రాత్రి_షిఫ్ట్
నిప్పన్న చెప్పింది బంగారం. నిజం ఉన్నోడికి దొంగ కాగితం ఎందుకసలు.

ఈఈఈ_2016
పీఆర్‌కి ఈ సర్టిఫికెట్ ఏమన్నా కలిసొస్తుందా? లేక ఉద్యోగానికేనా?

మిస్సిసాగా_సుబ్బు
బాగా కలిసొస్తుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పీఆర్‌కి పాయింట్ల మీద ఎంచుకునే పద్ధతిలో, ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ అని ఒకటుంది. దానికి జాబ్ ఆఫర్ గానీ, ఏదైనా ప్రావిన్స్ ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ క్వాలిఫికేషన్ గానీ ఉండాలి. గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవం. ఇంగ్లీషు కూడా భయపడేంత కాదు, మాట్లాడటం వినడం సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి) 5, చదవడం రాయడం 4. పైగా ఆ సర్టిఫికెట్‌కి సీఆర్‌ఎస్‌లో (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ స్కోరులో) విడిగా పాయింట్లు ఉన్నాయి, నాలుగింట్లోనూ సీఎల్‌బీ 7 ఉంటే 50, 5 ఉంటే 25. 2023 నుంచి ట్రేడ్స్ వాళ్లకి ప్రత్యేకంగా డ్రాలు కూడా పెడుతున్నారు. ఐఈఎల్‌టీఎస్ మీద కాస్త కష్టపడితే ఆ 25 తేడా ఊరికే వస్తుంది.

309ఏకి రెడ్ సీల్ వస్తుంది, అంటే ఆల్బెర్టా వెళ్లినా, బ్రిటిష్ కొలంబియా వెళ్లినా మళ్లీ పరీక్ష రాయక్కర్లేదు. 309సీ అని ఇళ్లు, పల్లె పనుల వరకే ఇచ్చేది ఇంకోటుంది, దానికి రెడ్ సీల్ లేదు.

జగిత్యాల_కరెంటు
309ఏ వచ్చినంక బేస్‌మెంట్ పనులు నేనే సొంతంగ పట్టుకోవచ్చు గదా?

కోడ్‌బుక్_కోటి
లేదు. ఇదే చాలామందికి తెలియదు. 309ఏ అంటే నువ్వు ఎలక్ట్రీషియన్‌వి, అంతే. జనం దగ్గర పని ఒప్పుకుని బిల్లు వెయ్యాలంటే ఈఎస్‌ఏ ఇచ్చే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్ కావాలి, ఆ కాంట్రాక్టర్ దగ్గర ఒక మాస్టర్ ఎలక్ట్రీషియన్ ఉండాలి. మాస్టర్ అవ్వాలంటే 309ఏ వచ్చాక మూడేళ్ల అనుభవం, మళ్లీ పరీక్ష. వ్యాన్ల మీద ఈసీఆర్‌ఏ ఈఎస్‌ఏ అని నంబర్ రాసుంటుంది చూడు, అదే. నీకు క్యాష్ ఇస్తానన్న పెద్దమనిషి వ్యాన్ మీద అది ఉందో లేదో ఒకసారి వెనక్కి వెళ్లి చూడు.

జగిత్యాల_కరెంటు
ఆయనకు వ్యానే లేదన్నా. కరోలా కారు, డిక్కీల డ్రిల్ మిషన్.

గోదారి_గట్టు
😂😂 కరోలా కాంట్రాక్టింగ్ అండ్ సన్స్

బ్రాంప్టన్_బుజ్జి
బంధువుల సంగతి కూడా ముందే అనుకో. లైసెన్స్ వచ్చిందని వాట్సాప్‌లో పెట్టావంటే ఆ వారమే "తమ్ముడూ, మా హాల్లో పాట్ లైట్లు ఓ పన్నెండు..." అని మొదలు. నేను "ఎలక్ట్రికల్ సైడ్‌లో ఆఫీస్ జాబ్" అని చెబుతున్నా అందరికీ.

చలి_పులి
ఇంకో దారి చెప్తా, నాతో వాదించినోళ్లు కూడా ఒప్పుకుంటారు దీనికి. 442ఏ, ఇండస్ట్రియల్ ఎలక్ట్రీషియన్. అది కంపల్సరీ ట్రేడ్ కాదు. ఫ్యాక్టరీల్లో, ప్లాంట్లలో మోటార్లు, డ్రైవ్‌లు, కంట్రోల్ ప్యానెళ్లు చూసే మెయింటెనెన్స్ వాళ్లు. లైసెన్స్ లేకుండా కూడా తీసుకుంటారు, కాకపోతే పని వచ్చుండాలి. జగిత్యాల, నువ్వు చేసే వేర్‌హౌస్‌లో కన్వేయర్లు లేవా?

జగిత్యాల_కరెంటు
ఉన్నయ్ అన్నా, మస్తున్నయ్. రోజుకొక్కసారన్న ఆగుతయ్. మెయింటెనెన్స్‌టోళ్లు వచ్చి ఫోటో సెన్సర్ తుడిచి పోతరు, మల్ల నడుస్తది. మొన్న ఒక మోటర్ ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయితే గంటసేపు ఎవ్వలికి తెల్వలే, దూరంకెళ్లి చూస్తనే నాకు అర్థమైంది గని నేనెట్ల చెప్పాలె అని ఊకున్న.

కోడ్‌బుక్_కోటి
ఊరుకున్నావా! రేపు వెళ్లి ఆ సూపర్‌వైజర్‌ని పట్టుకో.

చలి_పులి
అదే మాట. మీ లీడ్‌ని కాదు, మెయింటెనెన్స్ మేనేజర్ ఎవరో కనుక్కుని ఆయన్ని. చాలా కంపెనీల్లో లోపలివాళ్లకే ముందు అవకాశం ఇస్తారు, నోటీస్ బోర్డు మీద అంటిస్తారు ఖాళీలు. ఐటీఐ సర్టిఫికెట్, ఖతార్ ప్యానెల్ ఫోటోలు ఫోన్‌లో ఉంటే చూపించు. పీఎల్‌సీ (మెషిన్లని నడిపే కంట్రోల్ కంప్యూటర్) కొంచెం నేర్చుకుంటే ఇంకా మంచిది, లైబ్రరీ కార్డు మీద ఉచిత కోర్సులున్నాయి.

రాత్రి_షిఫ్ట్
కానీ 442ఏలో చేసిన గంటలన్నీ 309ఏకి లెక్కేస్తారనుకోవద్దు. పనులు కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. కన్‌స్ట్రక్షన్‌కే వెళ్లాలనుంటే ఖతార్ లెటర్ల పని మాత్రం ఆపకు.

జగిత్యాల_కరెంటు
ఆపను. రాత్రి దోహాల మా పాత ఫోర్‌మన్‌కు మెసేజ్ పెట్టిన, ఫిలిప్పినోడు, మంచోడు. లాగ్‌బుక్ పంపియ్, చూసి రాస్త అన్నడు. కరీంనగర్ ఆయనకు మా బామ్మర్దిని పంపుతున్న.

ఓల్డ్_సిటీ_ఓమ్
బామ్మర్దికి బిర్యానీ పైసలు కూడా పంపు.

కొత్త_మెంబర్_వరంగల్
నేను వచ్చే నెల వస్తున్నా, ఐటీఐ అయ్యాక టీజీఎన్‌పీడీసీఎల్‌లో కాంట్రాక్ట్ మీద లైన్ పని రెండేళ్లు. ఇక్కడ ఉండగానే చేసుకోవాల్సినవి ఏంటి?

మిస్సిసాగా_సుబ్బు
లైన్ పని ఇక్కడ వేరే ట్రేడ్, పవర్‌లైన్ టెక్నీషియన్ అంటారు, 309ఏతో కలపొద్దు. విమానం ఎక్కేముందు మీ కాంట్రాక్టర్ దగ్గర గంటలతో, పనులతో లెటర్ రాయించుకో, పీఎఫ్ స్టేట్‌మెంట్ దింపుకో, వైర్‌మన్ పర్మిట్ ఉంటే స్కాన్ చేసి పెట్టుకో. ఇక్కడి నుంచి అవి తెప్పించడం ఎంత పెద్ద పనో పైన చదివావు కదా.